కలెక్టరు కట్లు విప్పిందెవరు?

కిందటి వారం మనం రేవతిని దొరువుపాళెం హైస్కూలు ఆఫీసు గదిలో, తెరిచిన ఇనప బీరువా ముందు వదిలి వచ్చాం. ఆమె చేతిలో 2003 నాటి టీసీ పుస్తకం ఉంది. చిన్నపోలయ్య పేరున్న కాగితంలో 'ప్రవర్తన' అన్నచోట ఎర్ర సిరాతో 'తృప్తికరం కాదు' అని రాసి ఉంది. తొమ్మిదో తరగతి నడుమ స్కూలు నుంచి పంపించేసిన ఆ పిల్లవాడే ఇవాళ ఎండ్రకాయల, అంటే పీతల, చెరువులు వేసుకుని నలుగురికి పని చూపిస్తున్నాడు. ఆయన కూతురు వెన్నెల ఇప్పుడు అదే స్కూల్లో, అదే తొమ్మిదో తరగతి చదువుతోంది. పాత విద్యార్థులంతా ఆదివారం కలుస్తున్నారు, నువ్వూ రావాలి అని రేవతి బతిమాలితే ఆయన అన్న మాట మీకు గుర్తుండే ఉంటుంది.

"ఆ తాడు నేను విప్పలేదని ఒక్కరు, ఒకే ఒక్కరు మైకులో చెప్పనీండి మేడమ్. ఆ దినం వస్తా."

ఒకప్పుడు 'రేవతీ' అని పిలిచినవాడు 'మేడమ్' అంటుంటే ఆమెకు చురుక్కుమంది. ఆ స్కూలుకు ఇప్పుడు ఇన్‌ఛార్జి హెడ్మాస్టరు ఆమే మరి. టీసీ పుస్తకం లోపల పెట్టేసి ఒక నిశ్చయానికి వచ్చింది. ఆదివారం బ్యాచ్ అంతా వస్తుంది. తాడు విప్పిన చెయ్యి ఆ బ్యాచ్‌లోనే ఎవరిదో. ఆ చేతిని పట్టుకుని మైకు దగ్గరికి తీసుకుపోవాలి.

కథను ఇవాళే అందుకున్నవాళ్లు తాడేమిటి, విప్పడమేమిటి అని అడుగుతారు. ఊళ్లో ఈ ముచ్చట చెప్పుకుని నవ్వనివాళ్లు లేరు గనక మనమూ ఒకసారి చెప్పుకుందాం.

అప్పట్లో సైన్సు చెప్పే ఆనందబాబు సారు, ప్రాణమున్న ఎండ్రకాయను చూపించి పాఠం చెబుతానని సోమవారం చిన్నపోలయ్య చేత ఒకటి తెప్పించాడు. వాడు ఉప్పుకాలవ బురదలో పట్టిన పెద్ద ఎండ్రకాయను, కరిచే డెక్కలు రెండూ తాడుతో బిగించి, తడి గోతంలో చుట్టి తెచ్చాడు. సిమెంటు గోలెంలో కాసిని ఉప్పునీళ్లు పోసి, దాన్ని అందులో వదిలి, పైన చెక్కపలక మూసి తరగతి గది మూలన పెట్టారు. పాఠం అయిపోయినా పిల్లలకు దాన్ని వదలబుద్ధి కాలేదు. అది నడిచొస్తుంటే ఎంతటివాళ్లయినా పక్కకు తప్పుకోవలసిందే గనక దానికి 'కలెక్టరు' అని పేరు పెట్టారు.

గురువారం నెల్లూరు నుంచి ఒక అధికారి తనిఖీకి వచ్చాడు. మధ్యాహ్నం హెడ్మాస్టరు గదిలో భోజనానికి కూర్చుని, బూట్లు విప్పి, బల్ల కింద కాళ్లు బార్లా చాపాడు. పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికి కెవ్వుమన్నాడు. మూడు వందల మంది పిల్లలు చూస్తుండగా ఆయన ఒంటికాలి మీద గెంతుతూ వరండాలోకి వచ్చాడు. మేజోడు కొసను పట్టుకుని కలెక్టరు వేలాడుతోంది. ఆయన గెంతినప్పుడల్లా అదీ ఊగుతోంది. నవ్వొద్దని బెత్తం ఎత్తిన డ్రిల్లు మాస్టారే ముందు నవ్వాడు.

నవ్వుల పని సాయంత్రానికి ఏడుపయింది. గోలెంలో తాడు దొరికింది, ఎక్కడా తెగలేదు. "కోసింది కాదు, విప్పింది" అన్నాడు హెడ్మాస్టరు. ఎండ్రకాయను వెనకనుంచి కాలి మడమతో తొక్కిపట్టి, తాడు కొస ఎక్కడుందో చూసి ఒక్క లాగు లాగితే కట్టంతా జారిపోతుంది. అది ఎండ్రకాయలు పట్టేవాళ్ల పనితనం. ఆ పని తెలిసినవాడు స్కూలు మొత్తానికి ఒక్కడే. పైగా మధ్యాహ్నం గోలెంలో నీళ్లు మార్చడానికి గదిలో ఉన్నవాడూ వాడొక్కడే. వాడు ఏడుస్తూ, నేను పలక తీసేసరికే అది లేదన్నాడు, విప్పింది తాను కాదన్నాడు. కాదనని దొంగ ఎక్కడైనా ఉంటాడా అని టీసీ చేతిలో పెట్టారు.

ఇదంతా ఊరికి తెలిసిన కథ. ఊరికి తెలియనిది రేవతి దగ్గర ఒకటుంది.

ఆమె అప్పుడు క్లాసు లీడరు. గది తాళంచెవి ఆమె దగ్గరే ఉండేది. ఆ గురువారం పొద్దున అందరికంటే ముందు వచ్చి తలుపు తీసేసరికి గోలెం మీద పలక పక్కకు జరిగి ఉంది. లోపల కలెక్టరు లేదు, గదిలో ఏ మూల దూరిందో. తాడు నేల మీద పడి ఉంది. తాళం నీ దగ్గరుంటే ఇదెలా జరిగిందని తననే అడుగుతారని ఆమెకు భయం పుట్టింది. తాడు తీసి గోలెంలో వేసి, పలక మూసి, చేతులు కడుక్కుని ప్రార్థనకు పోయి నిలబడింది. బుధవారం చివరి పీరియడులో అది కట్లతోనే ఉంది. అంటే కట్లు విప్పింది గురువారం మధ్యాహ్నం కాదు, బుధవారం సాయంత్రం. బుధవారం మధ్యాహ్నమే చిన్నపోలయ్య వలల పనికి ఇంటికి పోయాడు. వాడు నిర్దోషి అని స్కూలు మొత్తంలో ఆమెకు ఒక్కదానికే తెలుసు. అయినా నోరు విప్పలేదు. పద్నాలుగేళ్ల పిల్ల భయపడింది, సరే. ముప్పై ఆరేళ్ల హెడ్మాస్టరుకు ఏమొచ్చింది? ఈ ప్రశ్న ఆమె తనను తాను చాలాసార్లు వేసుకుంది, ప్రతిసారీ సిగ్గుపడింది.

సరే, ఆదివారానికి వద్దాం. స్కూలు ఆవరణలో షామియానా వేశారు. నలభై ముగ్గురు వచ్చారు. ఒకవైపు చేపల పులుసు ఉడుకుతోంది. వేదిక మీద ఆనందబాబు సారు శాలువా కప్పుకుని కూర్చున్నాడు. కొత్త సైన్సు ల్యాబుకు ఇవాళ ఆయన పేరు పెడుతున్నారు. ఆయన రేవతికి కన్నతండ్రి గూడా, ఆ సంగతి మనకు మొదటి వారం నుంచీ తెలిసిందే.

రేవతి పళ్లేలు అందించే వంకతో ఒక్కొక్కరి దగ్గరికీ పోయింది. నవ్వుతూ ఒకటే మాట అడిగింది: "కలెక్టరు కథ గుర్తుందా? ఎట్టా జరిగిందో చెప్పు, నేను మరిచిపోయినా." నిజం తెలిసినవాడు ఎక్కడో ఒకచోట నోరు జారతాడని ఆమె లెక్క.

నెల్లూరులో బియ్యం వ్యాపారం చేసే పెంచలకృష్ణ చెప్పిన కథలో అధికారి బల్ల ఎక్కి కూర్చున్నాడు. చెబుతున్నంతసేపూ అతని నుదుట చెమట కారింది. రేవతి అనుమానంగా చూసింది. తీరా చూస్తే పులుసులో పచ్చిమిరపకాయ నమిలాడట. పోర్టులో క్రేను నడిపే హెన్రీ కథలో ఎండ్రకాయ అధికారి పంచె పట్టుకుంది. ఆ రోజు ఆయన వేసుకున్నది ప్యాంటు. ఆదిశేషమ్మ ఒకడుగు ముందుకేసి ఫైరింజను వచ్చిందని ఒట్టేసింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునేవాడి కోసం రేవతి వెతుకుతుంటే, ఇక్కడ ప్రతివాడూ గుమ్మడికాయ గురించి ఉపన్యాసం ఇచ్చేవాడే. ఎన్ని తేడాలున్నా ఒక్క ముక్క మాత్రం అందరి నోటా ఒకటే. మధ్యాహ్నం బెల్లు కొట్టాక, చిన్నపోలయ్య విప్పాడు.

చివరికి క్యాథరిన్ దగ్గరికి వచ్చింది. నెల్లూరులో ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. చిన్నప్పుడు రేవతితో ఒకే బెంచీ, ఒకే టిఫిను డబ్బా. ఈమెను అనుమానించడానికి రేవతికి మనసు రాలేదు, అయినా వరసలో అడిగింది.

"ఆ ఆఫీసరు సంగతి అట్టుంచు" అంది క్యాథరిన్ నవ్వుతూ. "నాకు ఆ కలెక్టరును తలుచుకుంటేనే పాపం అనిపిస్తాది. రాత్రంతా ఆ చీకటి గదిలో ఒక్కటే తిరిగుంటాది."

రేవతి చేతిలోని గరిటె ఆగిపోయింది.

"ఏందిమే అన్నావు? రాత్రంతానా?"

"ఏమన్నా?"

"అందురూ మధ్యాన్నం తప్పించుకుందంటుంటే నీకు రాత్రి యాడిది?"

క్యాథరిన్ ముఖంలో నవ్వు పోయింది. "ఏదో నోటికొచ్చింది, వదిలెయ్" అంటూ లేవబోయింది. రేవతి ఆమె మణికట్టు పట్టుకుని, వంటపాక వెనక చేతులు కడుక్కునే కుళాయి దగ్గరికి లాక్కుపోయింది.

"నువ్వేనా విప్పింది?"

"నేనా! బొద్దింకను చూస్తే బెంచీ ఎక్కేదాన్ని. నేను దాని కాడికి పోయి తాడు విప్పుతానా?"

"మరి రాత్రని నీకెట్టా తెలుసు?"

"అది సరే, మధ్యాన్నం కాదని నీకెట్టా తెలుసుమే?"

ఈ ఎదురుప్రశ్న వస్తుందని రేవతి అనుకోలేదు. క్యాథరిన్ మణికట్టు వదిలి, ఇరవై రెండేళ్లలో మొదటిసారి ఆ సంగతి బయటపెట్టింది.

"పొద్దున తలుపు తీసింది నేనే. అప్పటికే గోలెం ఖాళీ. తాడు గోలెంలో యేసి పలక మూసినా."

"చెప్పలేదే?"

"తాళం నా కాడ ఉండింది. నన్నంటారని భయం."

"ఆ పిల్లోడు ఏడుస్తా గేటు దాటతుంటే మనిద్దరం కిటికీలోంచి చూసినాం, గుర్తుండాదా?" అంది క్యాథరిన్. "నా చెయ్యి పట్టుకొని ఏడ్చినావు. ఎంత మంచి మనసో అనుకున్నా."

"నువ్వు మాత్రం చెప్పినావా? నీకూ తెలుసు గదా!"

"నేను చెప్పనిది నా కోసం కాదు. నీ కోసం."

రేవతికి ఆ మాట నచ్చలేదు. తప్పించుకోవాలనుకునేవాళ్లు ముందు ఎదుటివాళ్ల మీద ఉపకారం మోపుతారని ఆమెకు హెడ్మాస్టరుగా బాగా అనుభవం.

"తిప్పకుండా చెప్పు. ఎవురు?"

క్యాథరిన్ షామియానా వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"ఆ బుధవారం సాయంత్రం చర్చిలో పాటల ప్రాక్టీసుకు పోతా బడి వెనక దారిన వచ్చినా. మన క్లాసు కిటికీ తెరిచుండాది. మీ నాయన గోలెం ముందర గొంతుక్కూచోనుండాడు. చేతిలో పచ్చి రొయ్య. దాన్ని కలెక్టరు మూతి కాడ పెట్టి, 'తినరా నాయనా, మూడు దినాలైందిరా' అని బతిమాలతుండాడు. కట్లుంటే ఎట్టా తింటాదిలే అనుకున్నట్టుండాడు, నేల మీదికి తీసి, మడమతో తొక్కిపట్టి విప్పేసినాడు."

"మా నాయనా!"

"పొలం గట్టు ఎండ్రకాయ అనుకున్నాడుమే. విప్పి, మళ్లా చేత్తోనే రొయ్య పెట్టబోయినాడు. అది వేలు పట్టేసింది. సారు అరవను గూడా అరవలేదు. విదిలించుకోని, పలక మూయకుండానే పరిగెత్తినాడు. తేలు కుట్టిన దొంగంటారే, మీ నాయన ఎండ్రకాయ కరిచిన దొంగ."

ఆనందబాబు సారుది సముద్రానికి దూరంగా లోపలి ఊరు, వరి పండించే ఇల్లు. అక్కడ గట్ల బొక్కల్లో ఉండే ఎండ్రకాయలు అరచేతిలో పట్టేంతవి. పిల్లలు చెయ్యి పెట్టి లాగి ఆడుకుంటారు. సారు ఎరిగిన ఎండ్రకాయ అంతవరకే. ఉప్పుకాలవ ఎండ్రకాయ కట్లతోనే, తిండి లేకుండా, తడి గోతం కింద రోజుల తరబడి బతుకుతుందని చిన్నపోలయ్య చెప్పనే చెప్పాడు. పిల్లవాడి మాట గనక సారు పట్టించుకోలేదు.

"అబద్ధం" అంది రేవతి. "నీ మీదికి రాకుండా మా నాయన మీద పెడతుండావు."

"నా మీద పెట్టుకోడానికి ఏముండాది? ఆ పని ఆయనకెట్టా తెలుసని గదా నీ అనుమానం? ముందురోజు క్లాసులో చిన్నపోలయ్య చేత రెండు తూర్లు కట్టించి, విప్పించి, పక్కన నిలబడి చూసిందెవురు? మర్నాడు పొద్దున సారు వేలికి గుడ్డ లేదా?"

గుడ్డ ఉంది. సైకిలు చైనులో వేలు పడిందని నాన్న అమ్మతో చెప్పాడు. అమ్మ పసుపు పెట్టింది. ఆ బుధవారం సాయంత్రమే, జవాబు పత్రాలు స్కూల్లో మరిచిపోయానని ఇంట్లో గోడకున్న మేకు నుంచి తాళంచెవి తీసుకుపోయాడు. తిరిగొచ్చినప్పుడు చేతిలో పత్రాలు ఉన్నాయో లేవో ఆమె చూడలేదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇంట్లోవాళ్లు పట్టాలనుకోకపోతే ఈశ్వరుడు మాత్రం ఏం చేస్తాడు?

అయినా ఒక మనసు ఒప్పుకోలేదు. ఆకలితో ఉందని ఎండ్రకాయను బతిమాలిన మనిషి, చేతికింద చదివే పిల్లవాడిని అలా వదిలేస్తాడా? క్యాథరిన్ చూసింది వేరే ఎవరినైనా అయి ఉండవచ్చు గదా. సాయంత్రపు వెలుతురు, కిటికీ ఊచలు, ఇరవై రెండేళ్లు. ఇన్ని ఉన్నాయి కాబట్టి అనుమానం క్యాథరిన్ మీదే నిలపడానికి రేవతి గట్టిగా ప్రయత్నించింది.

అప్పుడే షామియానాలో ఈలలు మొదలయ్యాయి. "కలెక్టరు కథ సార్! మీ నోటితో వినాల!" అని పెంచలకృష్ణ అరుస్తున్నాడు. రేవతి చేతులు తుడుచుకుంటూ ముందుకు వచ్చింది.

ఆనందబాబు సారు మైకు అందుకుని గొంతు సవరించుకున్నాడు. పాఠం చెప్పడంలో ఆయన్ను మించినవారు లేరు. బూట్లు విప్పడం, కాళ్లు చాపడం, పెరుగన్నం, కేక, అన్నీ వరసగా నటించి చూపించాడు. జనం పొట్టలు పట్టుకున్నారు. హెన్రీ ఫోనులో వీడియో తీస్తున్నాడు.

"ఇంతకీ ఏమైందంటే" అన్నాడు సారు చివరికి, "మధ్యాన్నం బెల్లు కొట్టినాక మన చిన్నపోలయ్య లేడూ, ఆ మహానుభావుడు, నీళ్లు మారుస్తా మారుస్తా కట్లు విప్పేసినాడు! పోనీండి, పిల్లతనం."

అందరూ చప్పట్లు కొట్టారు. స్వాగత గీతం పాడడానికి వచ్చిన ఆడపిల్లలు వేదిక పక్కన వరసగా నిలబడి ఉన్నారు. వాళ్లలో వెన్నెల ఒక్కతే నవ్వలేదు. పక్కపిల్ల మోచేత్తో పొడిచి "మీ నాయనేనా?" అని అడిగితే తల వంచుకుంది.

ఆ తల వంపు రేవతి చూసింది. అంతవరకు ఆమెను ఆపిన భయాలన్నీ ఆ పిల్ల ముందు చిన్నవైపోయాయి. నేరుగా వేదిక దగ్గరికి నడిచి, అక్కడున్న రెండో మైకు తీసుకుంది.

"సార్" అంది. బయట ఎప్పుడూ తండ్రిని అలాగే పిలుస్తుంది. "ఒక చిన్న అనుమానం. అంతకు ముందురోజు సాయంత్రం ఆ గది తాళం ఎవరి దగ్గర ఉండింది?"

నిజం తెలియని మనిషయితే ఏమనాలి? ఇరవై రెండేళ్ల నాటి తాళం సంగతి ఇప్పుడెందుకమ్మా అనాలి. ముందురోజుతో మనకేం పని అనాలి. కనీసం ఒక క్షణం ఆలోచించాలి. ఆయన ఆలోచించలేదు. శాలువా భుజం మీదికి లాక్కుంటూ వెంటనే అన్నాడు:

"నీ దగ్గరే గదమ్మా ఉండింది."

రేవతికి అప్పుడు నమ్మకం కుదిరింది. ఈ జవాబు ఆయన ఇవాళ తయారు చేసుకున్నది కాదు. ఎప్పుడో ఒకనాడు కూతురే అడుగుతుందని, ఇన్నేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటూ, ఈ ఒక్క ముక్కను సిద్ధంగా ఉంచుకున్నాడు. ఆమెకు ఏడుపు రాలేదు. తండ్రి మీద కోపమూ, ఆ తండ్రికి తగిన కూతురినేనన్న రోతా కలిసి వచ్చాయి.

"అవును, నా దగ్గరే ఉండింది" అంది మైకులో. "ముందురోజు సాయంత్రమే ఎవరో కట్లు విప్పినారు. పొద్దున నేను తలుపు తీసేసరికే గోలెం ఖాళీ. ఆ సాయంత్రం చిన్నపోలయ్య బడిలోనే లేడు. వాడు విప్పలేదు. ఆ సంగతి నాకు ఆ రోజే తెలుసు, భయపడి చెప్పలేదు."

వెన్నెల తలెత్తి చూసింది. హెన్రీ ఫోను ఇంకా పట్టుకునే ఉన్నాడు.

ముందుగా తేరుకున్నది పెంచలకృష్ణ. "ఏందిమే ఇది! తాళం నీ కాడ ఉండింది. వాడు విప్పలేదని నీకు తెలుసు" అని ఒక్కొక్క మాటే కూడబలుక్కుని, "అయితే విప్పింది నువ్వేనా?" అన్నాడు.

నలభై మంది కళ్లు ఆమె మీదికి తిరిగాయి. ఆ కళ్లలోని చూపు ఆమెకు కొత్త కాదు. పొద్దుటినుంచీ ఆమె వాళ్లను చూసిన చూపే అది. వంటపాక పక్కన క్యాథరిన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. రేవతి తండ్రి వైపు తిరిగింది. ఒక్క మాట ఆయన చెబితే చాలు. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, చేతిలోని మైకును నెమ్మదిగా నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు. ఆ ముఖంలో ఉన్నది బతిమాలడమా, బెదిరించడమా, కన్నకూతురికే అంతుపట్టలేదు.

"చెప్పమ్మా" అన్నాడు సారు. "అందరూ అడుగుతుండారు గదా."